మియాపూర్‌లో 12 ఏళ్ల పాత ఫ్లాట్: చూసేవాళ్లు వస్తున్నారు, బేరం తెగట్లేదు. ఎక్కడ తేడా?

స్టిల్ట్_ప్లస్_ఐదు | 11 అక్టోబర్ 2025

నమస్తే అండి. అమ్మకానికి పెట్టిన ఫ్లాట్ వివరాలు ఇవి. మియాపూర్, స్టిల్ట్ + 5 అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. 2బీహెచ్‌కే, 1,180 చదరపు అడుగులు, పడమర వాకిలి, ఒక కారు పార్కింగ్. యూడీఎస్ (స్థలంలో మా ఫ్లాట్ వాటా) 38 గజాలు. రిజిస్ట్రేషన్ 2013 జులైలో అయింది, దస్తావేజులో ధర 28 లక్షలు. నాన్నగారి పేరు, డాలస్‌లో ఉంటున్న తమ్ముడి పేరు సగం సగం. తమ్ముడు ఎన్‌ఆర్‌ఐ. లోను ఇంకా 9 లక్షలు ఉంది. జీహెచ్‌ఎంసీ ప్లాన్ ఉంది, ఓసీ (ప్లాన్ ప్రకారమే కట్టారన్న ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) లేదు. పైన పెంట్‌హౌస్ వేశారు, అది ప్లాన్‌లో లేదు.

బ్రోకర్ 80 పైనే పలుకుతుందన్నాడని 82 లక్షలకు ప్రకటన పెట్టాం. జూన్ నుంచి ఇప్పటికి ఇరవై మంది దాకా చూసి వెళ్లారు. ఒక్కరు మాత్రం 72 అన్నారు, అందులో 20 లక్షలు నగదుగా ఇస్తారట. బాత్రూమ్ బయటి గోడకు చెమ్మ ఉంది, అద్దెకున్నవాళ్లు ఆగస్టులో ఖాళీ చేశారు.

ధర తగ్గించాలా, ఇంకో ఆరు నెలలు ఆగాలా? ట్యాక్స్ సంగతి ఏమిటి? తెలిసినవాళ్లు చెప్పండి.

---

ఈసీ_తీశారా | 11 అక్టోబర్ 2025

82 అంటే చదరపు అడుగుకు 6,950 దాకా. ఆ అంకె ఎక్కడిదో ముందు చూడండి. పోర్టల్స్‌లో కనిపించేది అమ్మేవాళ్ల ఆశ. ఒకే ఫ్లాట్‌ను నలుగురు బ్రోకర్లు నాలుగు ధరలకు పెడతారు, అమ్ముడుపోయినా ప్రకటన తీయరు. బ్రోకర్ 80 పైన అన్నది కూడా మీ ఫ్లాట్ తన చేతికి రావడానికే. రెండు నెలలు పోయాక "మార్కెట్ డల్‌గా ఉంది సార్" అంటాడు.

నిజం ధర తెలుసుకునే దారి ఇది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) వెతకండి. మీ అపార్ట్‌మెంట్ ఇంటి నంబర్‌తో గానీ, గ్రామం, సర్వే నంబర్‌తో గానీ 2024 జనవరి నుంచి ఇప్పటివరకు తీయండి. మీ బిల్డింగ్‌లో, పక్క బిల్డింగుల్లో అయిన సేల్ డీడ్‌లన్నీ వస్తాయి. ఒక్కో ఎంట్రీలో మార్కెట్ విలువ, ప్రతిఫలం రెండూ విడివిడిగా ఉంటాయి. ప్రతిఫలం అంటే దస్తావేజులో రాసుకున్న ధర.

అయితే నగదు కలిసిన బేరాల్లో ఆ ప్రతిఫలం తక్కువగా ఉంటుంది, దాన్ని పట్టుకుని దిగులు పడక్కర్లేదు. సేల్ డీడ్ తర్వాత కొద్ది రోజుల్లోనే అదే ఫ్లాట్ మీద బ్యాంకు పేరుతో డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్ ఎంట్రీ పడిందా చూడండి. పడితే కొన్నవాళ్లు లోను తీసుకున్నారని అర్థం. లోను మొత్తం కూడా అక్కడే ఉంటుంది. 30 నుంచి 75 లక్షల మధ్య లోనుకు ఆర్‌బీఐ పరిమితి విలువలో 80 శాతం. కాబట్టి 52 లక్షల లోను కనిపిస్తే, బ్యాంకు ఆ ఫ్లాట్‌కు కనీసం 65 లక్షల విలువ కట్టిందన్నమాట. అలాంటివి ఓ ఐదు దొరికితే మీ వీధి ధర చేతికొచ్చినట్టే. పోర్టల్ అంకెలు ఇక పక్కన పెట్టేయవచ్చు.

కొనేవాడి జేబు వైపు నుంచి కూడా ఒకసారి లెక్క వేయండి. 72 లక్షల ఫ్లాట్‌కు గరిష్ఠ లోను 57.6 లక్షలు. మిగతా 14.4 సొంతం. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే 5.4 లక్షలు, లోనులో కలవదు. బ్రోకర్‌కు ఒక శాతం. ఎటుచూసినా 20 లక్షల పైన చేతిలో ఉండాలి. ఇప్పుడు బ్యాంకు వాల్యుయర్ వచ్చి "పాత బిల్డింగ్, ఓసీ లేదు, చెమ్మ ఉంది" అని 66 రాశాడనుకోండి. లోను 52.8కి పడిపోతుంది. కొనేవాడు ఉన్నపళాన ఇంకో 4.8 లక్షలు తేవాలి. చాలా బేరాలు ఇక్కడే ఆగిపోతాయి. బయటికి మాత్రం "ఇంట్లోవాళ్లు వాస్తు బాలేదన్నారు" అని వినిపిస్తుంది. అందుకే ఈ రోజుల్లో పాత ఫ్లాట్ ధర వాల్యుయర్ ఎంత రాస్తాడన్నదాని మీదే నిలబడుతుంది.

యూడీఎస్ లెక్క చాలామంది చెబుతారు: 38 గజాలను అక్కడి గజం ధరతో గుణించమని. అది బేరంలో చెప్పుకోవడానికి పనికొస్తుంది, ఐదంతస్తుల బిల్డింగుల్లో హైరైజ్ కంటే భూమి వాటా ఎక్కువ వస్తుంది కాబట్టి. కానీ బ్యాంకు ఆ లెక్కన లోను ఇవ్వదు.

---

కోకాపేట_చూపు | 11 అక్టోబర్ 2025

తొందరపడకండి. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100.75 కోట్లు పలికింది. పడమర వైపంతా పెరిగేదే. ఆరు నెలలు ఆగితే 82 తప్పక వస్తుంది.

---

ఈసీ_తీశారా | 11 అక్టోబర్ 2025

కోకాపేట వేలం ఎకరాలది, మియాపూర్ స్టిల్ట్ + 5 ఫ్లాట్‌ది కాదు కదండీ. ఆ ఎకరాల్లో లేచేవన్నీ మళ్లీ ఫ్లాట్లే. 2006లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి ఎత్తేశాక ఇక్కడ ఎంత ఎత్తు కట్టాలన్నది రోడ్డు వెడల్పు, వదలాల్సిన ఖాళీ స్థలాలను బట్టే. కాబట్టి కొత్త ఫ్లాట్ల వరద ఆగదు. తెల్లాపూర్, కొల్లూరు, బాచుపల్లి అన్నీ ఈయనకు పోటీనే.

ఈయనకు కలిసొచ్చేవి వేరే ఉన్నాయి. రీసేల్‌కు జీఎస్టీ లేదు, నిర్మాణంలో ఉన్న ఫ్లాట్‌కు 5 శాతం కట్టాలి. మెట్రో దగ్గర. వెంటనే దిగిపోవచ్చు. ఈ ఏడాది ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో రేటు (బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీ) 6.5 నుంచి 5.5కి దిగింది. 55 లక్షలు, 20 ఏళ్ల లోనులో వడ్డీ ఒక శాతం తగ్గితే ఈఎంఐ నెలకు 3,400 దాకా తగ్గుతుంది. కొనేవాళ్లు ఉన్నారు, 82కి లేరంతే.

ఆగడానికీ ఖర్చుంది. 72 లక్షలు 6.5 శాతం డిపాజిట్‌లో వేస్తే నెలకు 39 వేలు. ఖాళీ ఫ్లాట్ ఇచ్చేది సున్నా, పైగా మెయింటెనెన్స్, లోను వడ్డీ.

---

లింకు_డాక్యుమెంట్లు | 12 అక్టోబర్ 2025

ధర సంగతి పైన చెప్పారు. కాగితాలు సర్దకుండా ధర తగ్గిస్తే తగ్గించినంతా దండగ అవుతుంది. మీ విషయంలో నాకు కనిపిస్తున్న ముళ్లు ఇవి.

ఓసీ. 2013 నాటి బిల్డింగుల్లో చాలావాటికి లేదు. కొన్ని ప్రభుత్వ బ్యాంకులు ఓసీ లేకుంటే ముట్టుకోవు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు, కొన్ని ప్రైవేటు బ్యాంకులు ప్లాన్ కాపీ, కట్టిన కొలతలు సరిపోతే ఇస్తాయి. పెంట్‌హౌస్ ప్లాన్‌లో లేకపోయినా మీ మూడో అంతస్తు ప్లాన్‌లో ఉంది కాబట్టి లోను దొరికే అవకాశం ఉంది. అసోసియేషన్ వాళ్లు 2015 బీఆర్‌ఎస్ (ప్లాన్ తప్పిన కట్టడాల క్రమబద్ధీకరణ పథకం)లో దరఖాస్తు పెట్టారేమో అడిగి రసీదు తీసుకోండి. ఆ పథకం కోర్టులో ఆగినా, రసీదు ఫైల్‌లో ఉంటే లాయర్ ఒపీనియన్ కాస్త మెత్తబడుతుంది. ఏ రెండు బ్యాంకులు మీ బిల్డింగ్‌కు ఈమధ్య లోను ఇచ్చాయో పైన చెప్పిన ఈసీలోనే తెలుస్తుంది. ఆ బ్రాంచీల పేర్లు కొనేవాళ్లకు మీరే చెప్పండి. ఇది ధరలో లక్ష తగ్గించడం కంటే బాగా పనిచేస్తుంది.

ఓసీ లేదంటే ఇంకోటి చూడాలి. ప్లాన్ ఇచ్చేటప్పుడు బిల్డర్ 10 శాతం కట్టడాన్ని జీహెచ్‌ఎంసీకి తనఖా పెడతాడు, ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. ఆ తనఖాలో ఏ ఫ్లాట్లు రాశారో ప్లాన్‌తో ఉన్న తనఖా పత్రంలో ఉంటుంది. మామూలుగా మొదటి లేదా రెండో అంతస్తువి. మీది కాదని ముందే తేల్చుకోండి. మీ ఫ్లాట్ నంబర్‌తో కాకుండా సర్వే నంబర్‌తో ఈసీ తీస్తేనే ఇది బయటపడుతుంది.

ఇంటి నంబర్. దస్తావేజులో ప్లాట్ నంబర్లు, సర్వే నంబర్ ఉంటాయి, మున్సిపల్ నంబర్ తర్వాత వస్తుంది. ఆస్తి పన్ను రసీదు మీద ఫ్లాట్ 302 ఉండి, దస్తావేజులో 303 ఉంటే బ్యాంకు లాయర్ ఆపేస్తాడు. దీనికి సవరణ దస్తావేజు కావాలి, దాని మీద మీకు అమ్మిన బిల్డర్ వచ్చి సంతకం పెట్టాలి. బిల్డర్ భాగస్వాములు విడిపోయి ఉంటే నెలలు పడుతుంది. ఈ రోజే రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. పేర్లు కూడా: దస్తావేజు, ఆధార్, పాన్ మూడింట్లో.

లోను. 9 లక్షలే కాబట్టి వీలైతే ఇప్పుడే కట్టేయండి. ఫ్లోటింగ్ రేటు గృహరుణానికి ముందస్తు చెల్లింపు రుసుము ఉండదు. పూర్తిగా కట్టాక 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన, 2023 డిసెంబర్ నుంచి ఉంది. ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5 వేలు మీకు పరిహారం. ఎన్‌ఓసీ చేతికొచ్చింది కదా అని ఇంటికి వెళ్లిపోకండి. లోను తీసుకున్నప్పుడు టైటిల్ డీడ్స్ డిపాజిట్ రిజిస్టర్ అయి ఉంటే, దాన్ని రద్దు చేసే రిలీజ్ పత్రం కూడా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కావాలి. అది మరిచిపోతే ఈసీలో అప్పు ఎప్పటికీ ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇప్పుడే కట్టే వీలు లేకపోతే బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ (లోను మూయడానికి ఎంత కట్టాలో చెప్పేది), వాళ్ల దగ్గరున్న పత్రాల జాబితా తీసుకోండి. కొనేవాడి బ్యాంకు ఆ 9 లక్షలకు మీ లోను ఖాతా పేరుతో విడిగా చెక్కు ఇస్తుంది. జరుగుతుంది గానీ రెండు బ్యాంకుల మధ్య మూడు నాలుగు వారాలు అదనం.

చివరిగా, 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములవి) మీ సర్వే నంబర్ లేదని చూసి ప్రింట్ పెట్టుకోండి. మియాపూర్, హఫీజ్‌పేట అనగానే లాయర్లు ముందు దీన్నే వెతుకుతారు. 2024లో హైడ్రా (చెరువు ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ) వచ్చాక చెరువు గురించి అడగనివాళ్లు లేరు. హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు) పటాలున్నాయి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు ఉండకూడని మేర. మీ బిల్డింగ్ ఎంత దూరమో పటం మీద గుర్తు పెట్టి ఫైల్‌లో పెట్టండి.

---

స్టిల్ట్_ప్లస్_ఐదు | 12 అక్టోబర్ 2025

చాలా థాంక్స్ అండి. ఈసీ తీశాను. మా వరుసలో ఈ ఏడాది లోనుతో కొన్నవి మూడు ఉన్నాయి: లోన్లు 50, 54, 55 లక్షలు. అంటే 62 నుంచి 69 మధ్య. 82 ఎందుకు కదల్లేదో ఇప్పుడు అర్థమైంది. ఇంటి నంబర్లు సరిపోయాయి. తమ్ముడి వాటా ట్యాక్స్ గురించి ఎవరైనా చెప్తారా? కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ కట్ చేస్తే చాలంటున్నారు.

---

పద్దు_పుస్తకం | 12 అక్టోబర్ 2025

చాలదు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు, అమ్మేవాళ్ల కంటే ముందు కొనేవాళ్లు.

72 లక్షలకు అమ్మారనుకుని లెక్క వేద్దాం. చెరి 36 లక్షలు. నాన్నగారు రెసిడెంట్ కాబట్టి ఆయన వాటాకు ఒక శాతం, 36,000. 36 లక్షలు, ఈ కోత మొదలయ్యే 50 లక్షల లోపే కదా అని వదిలేయకూడదు. 2024 అక్టోబర్ నుంచి అమ్మేవాళ్లందరి వాటాలూ కలిపి చూస్తారు. దీన్ని కొనేవారు 26క్యూబీ ఫారంతో కడతారు, టాన్ (టీడీఎస్ పట్టేవాళ్లు తీసుకునే నంబర్) అక్కర్లేదు.

తమ్ముడి వాటాకు సెక్షన్ 195. 12.5 శాతం, దాని మీద 4 శాతం సెస్, మొత్తం 13 శాతం. తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ లేకపోతే కొనేవారు లాభం మీద కాకుండా 36 లక్షల మొత్తం మీదే పట్టుకుంటారు: 4.68 లక్షలు. దీనికి కొనేవారు టాన్ తీసుకోవాలి, 27క్యూ రిటర్న్ వేయాలి. తెలియక మొత్తానికి ఒక శాతమే కట్ చేస్తే, కట్ చేయని పన్ను, వడ్డీతో సహా నోటీసు కొనేవారికే వస్తుంది. అందుకే కాస్త తెలిసిన లాయర్ "అమ్మేవాళ్లలో ఎన్‌ఆర్‌ఐ ఉన్నారా" అని మొదటే అడుగుతాడు. మీరు దాచకుండా మొదటి రోజే చెప్పండి, విధానం కూడా మీరే చెప్పండి.

అసలు పన్ను ఎంత? నాన్నగారికి రెండు దారులున్నాయి. ఇండెక్సేషన్ (కొన్న ధరను ధరల సూచీ ప్రకారం పెంచి చూడడం) లేకుండా: 36 లోంచి 14 తీస్తే 22 లక్షల లాభం, 12.5 శాతం చొప్పున 2.75 లక్షలు. ఇండెక్సేషన్‌తో: 14 లక్షలను అమ్మిన ఏడాది సూచీ 376తో గుణించి కొన్న ఏడాది సూచీ 220తో భాగిస్తే 23.93 లక్షలు, లాభం 12.07, దాని మీద 20 శాతం 2.41 లక్షలు. తక్కువైనదే కట్టొచ్చు, 2024 జులై 23కి ముందు కొన్నది కాబట్టి. ఆయనకు వేరే ఆదాయం తక్కువైతే, మినహాయింపు పరిమితిలో మిగిలిన భాగాన్ని కూడా ఈ లాభంలోంచి తగ్గించుకోవచ్చు.

తమ్ముడికి ఇండెక్సేషన్ గానీ, ఆ మినహాయింపు సర్దుబాటు గానీ లేవు. ఎన్‌ఆర్‌ఐకి 12.5 శాతం ఒక్కటే దారి: 2.75, సెస్‌తో 2.86 లక్షలు. టీడీఎస్ 4.68 పోతుంది కాబట్టి 1.82 లక్షలు రిటర్న్ వేసి రీఫండ్ వచ్చేదాకా ఇరుక్కుంటాయి. ఇరుక్కోకుండా ఉండాలంటే ఫారం 13తో తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అది కొనేవారి టాన్ పేరు మీదే వస్తుంది. అంటే వరుస ఇలా: అగ్రిమెంట్, కొనేవారి టాన్, దరఖాస్తు, సర్టిఫికెట్, ఆ తర్వాతే తమ్ముడికి డబ్బు. బయానా మీద కూడా టీడీఎస్ పడుతుంది. సర్టిఫికెట్ రాకముందు తమ్ముడికి బయానా ఇస్తే ఆ ముక్క మీద పూర్తి రేటే. కాబట్టి బయానా మొత్తం నాన్నగారి వాటా కింద రాయించండి. అగ్రిమెంట్ గడువు 60 రోజులు పెట్టుకోకండి, 90 పెట్టుకోండి.

2013లో కట్టిన స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కూడా కొన్న ధరలో కలుస్తాయి, రసీదులు వెతకండి. ఈ పన్ను తప్పేలా తిరిగి ఇల్లు కొనే ఉద్దేశం ఉంటే రెండేళ్లలోపు కొనాలి, కట్టుకుంటే మూడేళ్లు. రిటర్న్ గడువులోపు ఆ డబ్బు వాడకపోతే క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. ఇల్లు అక్కర్లేదనుకుంటే అమ్మిన ఆరు నెలల్లోపు 54ఈసీ బాండ్లు (ఇవీ ఈ పన్ను తప్పించేవే) కొనాలి, ఐదేళ్లు కదపకూడదు.

తమ్ముడి డబ్బు ఆయన ఎన్‌ఆర్‌ఓ (ఎన్‌ఆర్‌ఐల ఇండియా ఆదాయం పడే) ఖాతాకే వెళ్లాలి. "నాన్న ఖాతాలో వేసెయ్యండి, తర్వాత చూసుకుంటాం" అన్నారంటే రెండు రిటర్నులూ గందరగోళమే.

---

లింకు_డాక్యుమెంట్లు | 13 అక్టోబర్ 2025

జీపీఏ (తన తరఫున సంతకం పెట్టేందుకు ఇచ్చే అధికార పత్రం) గురించి ఒక మాట. తమ్ముడు రాలేకపోతే నాన్నగారికి జీపీఏ ఇవ్వాలి. హ్యూస్టన్ కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించవచ్చు, లేదా నోటరీ చేయించి టెక్సాస్ రాష్ట్రం నుంచి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) తీసుకోవచ్చు. ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టి వాలిడేషన్ చేయించాలి. ఫ్లాట్ షెడ్యూల్, హద్దులు, అమ్మే అధికారం, దస్తావేజు మీద సంతకం పెట్టే అధికారం స్పష్టంగా ఉండాలి. పంపే ముందు ఆ డ్రాఫ్టును కొనేవారి బ్యాంకు లాయర్‌కు చూపించండి. ఒక్క వాక్యం నచ్చకపోయినా మళ్లీ అమెరికా నుంచి రావాలి.

---

నహానీ_ట్రాప్ | 13 అక్టోబర్ 2025

చెమ్మ మీద పెయింట్ వేసి చూపించకండి. తడి గోడ మీద పుట్టీ పెడితే లోపలి ఉప్పు బయటికి తన్ని రెండు మూడు వారాల్లో పొక్కులు లేస్తుంది. సరిగ్గా వాల్యుయర్ వచ్చే రోజుకి.

నీళ్లు ఎక్కడి నుంచో ముందు తేల్చండి. మీ బాత్రూమ్ నహానీ ట్రాప్‌కు (నేల మీద నీళ్లు బయటికి పోయే కన్నం) గుడ్డ కుక్కి, రెండు అంగుళాల నీళ్లు నింపి 24 గంటలు వదలండి. నీటి మట్టం గుర్తు నుంచి దిగినా, కింది ఫ్లాట్ పైకప్పుకు తడి కనిపించినా నేల కారుతోందని అర్థం. టైల్స్ సందులు గీకి ఎపాక్సీ గ్రౌట్ నింపాలి, ట్రాప్ చుట్టూ సీల్ చేయాలి. నేల బాగుండి గోడ మాత్రమే తడిగా ఉంటే లోపలి పైపు గానీ, బయటి డౌన్ పైపు జాయింటు గానీ అనుమానించండి. పైపు బయటిదైతే ఖర్చు అసోసియేషన్‌ది, మీది కాదు.

మూలం మూశాక ప్లాస్టర్ దాకా గీకి పది పదిహేను రోజులు ఆరనివ్వండి. తర్వాత వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు కోట్లు, ఆపై పుట్టీ, ప్రైమర్, పెయింట్. కిచెన్ మార్చడం, ఫాల్స్ సీలింగ్ వేయడం లాంటివి వద్దు, ఆ డబ్బు తిరిగి రాదు. గీజర్, కుళాయిలు, తలుపు గొళ్లేలు, ట్యూబ్‌లైట్లు పనిచేస్తే చాలు. మంజీరా నీళ్లు ఏ రోజుల్లో వస్తాయో, జనరేటర్ లిఫ్టుకేనా ఇళ్లకు కూడానా, ఈ రెండూ ప్రతివాళ్లూ అడుగుతారు. జవాబు తాళం తీసి చూపించే వాచ్‌మన్‌కు కూడా తెలిసి ఉండాలి.

---

పద్దు_పుస్తకం | 13 అక్టోబర్ 2025

ఆ 20 లక్షల నగదు సంగతి ఎవరూ ముట్టలేదు. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా పడవచ్చు, అదీ తీసుకున్నవారికే. దస్తావేజులో 52 రాస్తే లోను కూడా ఆ 52 మీదే వస్తుంది, కాబట్టి లోనుతో కొనేవాడు అలా అడగడు. అడిగినవాడు తన డబ్బు ఇబ్బందిని మీ నెత్తిన పెడుతున్నాడు. పైగా ప్రభుత్వ మార్కెట్ విలువ దస్తావేజు ధర కంటే 10 శాతానికి మించి ఎక్కువుంటే, పన్ను ఆ మార్కెట్ విలువ మీద వేస్తారు. వదిలేయండి.

---

ఈసీ_తీశారా | 13 అక్టోబర్ 2025

62–69 మధ్య దొరికాయన్నారు కదా. ఆ మూడింటిలో తూర్పు వాకిలి ఎన్నింటికో చూడండి. మీది పడమర, ఆ తేడా బేరంలో తీస్తారు. చెమ్మ బాగయ్యాక 71కి ప్రకటన పెట్టి 68 దగ్గర తెగితే మంచి బేరమే. పాత ప్రకటన ధర మార్చకండి, దాన్ని తీసేసి కొత్త ఫోటోలతో కొత్తగా పెట్టండి. నాలుగు నెలలుగా 82 అని ఉన్నది ఒక్కసారి 71 అయితే చూసినవాడు 65 అడుగుతాడు.

సమయం కూడా చూసుకోండి. దీపావళి దాటాక కార్తీకం వస్తుంది, ఇళ్లు చూసేవాళ్లు బాగా తిరుగుతారు. నవంబర్ చివరి వారం నుంచి శుక్ర మౌఢ్యం, ఆపై పుష్యం. ఆ రోజుల్లో గృహప్రవేశాలు ఉండవు కాబట్టి అడ్వాన్సులు పలచబడతాయి. చెమ్మ పని రేపే మొదలెడితే ఆరడానికి రెండు వారాలు, నవంబర్ మొదటికి ఫోటోలు. గోడ ఆరేలోపు ఫోర్‌క్లోజర్ లెటర్‌కు రాసుకోండి.